పగడానికి ఎంత వెలుగు చాలు?

మన గ్రూపుల్లో ఈ మధ్య తరచూ కనపడుతున్న ప్రశ్న ఇది: "పిల్లాడు పగడాల తొట్టి కావాలంటున్నాడు, ఏ లైటు కొనాలి?" ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నవాళ్లు ఎవరో ట్యాంకు చవగ్గా అమ్మేస్తారు. రాళ్లు, పంపు, హీటరు అన్నీ దాంతోపాటే వస్తాయి. లైటు మాత్రం పాతబడిపోయి ఉంటుంది, లేదా అసలు ఉండదు. షాపుకి వెళ్తే అన్ని లైట్లూ నీలంగా మెరుస్తుంటాయి. ధరల్లో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

తప్పు లైటు కొంటే పోయేది డబ్బొక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. తొట్టిలో ఉన్నది ప్రాణి. చేపకి తిండి తక్కువైతే పైకొచ్చి నోరు తెరుస్తుంది. పగడం అరవదు, కదలదు. వెలుగు చాలకపోతే వారాల తరబడి లోలోపలే చిక్కిపోతుంది. పిల్లలు పొద్దున్నే లేచి చూసేది దాన్నే. అది చచ్చిపోతే వాళ్లకి జవాబు చెప్పుకోవాల్సింది ఇంట్లో అమ్మే కదా!

పగడానికి వెలుగు ఎందుకు కావాలో, ఎంత కావాలో, దాన్ని ఎలా కొలవాలో తేలడానికి మనుషులకి దాదాపు 250 ఏళ్లు పట్టింది. ఆ కథ తెలిస్తే లైటు ఎంచుకోవడం సగం తేలికైపోతుంది. అందుకే ఈసారి చరిత్ర ముందు, షాపింగ్ తర్వాత.

మన మెడలో ఉన్నది చీకటి పగడం

పగడం మనకి కొత్తదేం కాదు. నవరత్నాల్లో ఒకటి, కుజుడి రాయి. నల్లపూసల్లో, మంగళసూత్రాల్లో పగడాలు గుచ్చుకునే ఇళ్లు మనలో ఎన్నో. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. సముద్ర వర్తకులకి రక్షణ ఇస్తామని అందులో మాటిచ్చి, ఏ సరుకుకి ఎంత సుంకమో రాయించాడు. కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలుతో పాటు పగడాలూ ఆ జాబితాలో ఉన్నాయి.

నగల్లో పేరుపడ్డ ఎర్ర పగడం మధ్యధరా సముద్రానిది. అది రాతి గుహల నీడలో, మసక లోతుల్లో పెరుగుతుంది. దానికి వెలుగుతో పని లేదు. నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న చిన్న జీవుల్ని పట్టుకు తిని బతుకుతుంది.

న్యూజిలాండ్‌లోనూ అలాంటిదొకటి ఉంది. మిల్‌ఫోర్డ్ సౌండ్ చూడటానికి వెళ్లినవాళ్లు పడవ మీంచి జలపాతాలే చూస్తారు గానీ, అసలు వింత నీళ్ల కింద ఉంది. అక్కడ ఏడాదికి ఆరు మీటర్ల పైన వాన కురుస్తుంది. ఆ నీరు అడవి నేల మీదుగా పారి, పాలు పోయని టీ రంగుకి తిరిగి, ఉప్పునీటి మీద ఒక పొరలా నిలుస్తుంది. ఆ పొర ఎండని మింగేస్తుంది. అందుకని మామూలుగా చాలా లోతున ఉండే నల్ల పగడం ఫియోర్డ్‌ల్యాండ్‌లో 10 మీటర్ల దగ్గరే కనపడుతుంది. 1993లో మిల్‌ఫోర్డ్ సౌండ్‌లో పియోపియోటాహి మెరైన్ రిజర్వ్ ఏర్పడింది. 1995లో అక్కడే హారిసన్ కోవ్ దగ్గర నీటి అడుగున పరిశీలన గది తెరిచారు. నల్ల పగడం అని పేరే గానీ బతికున్నప్పుడు అది తెల్లటి చెట్టులా ఉంటుంది, లోపలి ఎముక మాత్రమే నలుపు.

కాబట్టి "పగడానికి వెలుగు కావాలి" అన్న మాట అన్ని పగడాలకీ వర్తించదు. మన మెడలోదీ, ఫియోర్డ్‌ల్యాండ్‌దీ చీకటి పగడాలు. మనం తొట్టిలో పెంచాలనుకునేవి చాలావరకు వెలుగు పగడాలు. ఈ తేడా ఎక్కడిదో చెప్పేదే మిగతా కథ.

సీసం గుండు చెప్పిన సాక్ష్యం

పగడం మొక్కా, రాయా, జంతువా? చాలాకాలం ఐరోపా పండితులు మొక్కే అన్నారు. 1720ల్లో పేసోనెల్ అనే మార్సెయ్ వైద్యుడు, పగడం మీద పూలలా కనపడేవి నిజానికి చిన్న చిన్న జంతువులని చెప్పాడు. పారిస్ పండితులు ఆయన మాట కొట్టిపారేశారు. ఒప్పుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది.

తర్వాతి సాక్ష్యం మనకి తెలిసిన దారిలోనే వచ్చింది. 1835 డిసెంబరులో బీగిల్ ఓడ బే ఆఫ్ ఐలాండ్స్‌లో లంగరు వేసింది. సెలవుల్లో మనం పైహియా వెళ్తామే, అదే చోటు. ఆ ఏడు క్రిస్మస్ నాటికి చార్లెస్ డార్విన్ అక్కడే ఉన్నాడు. అంతకు ముందు నెలే తాహితీ దగ్గర పగడపు దిబ్బలు చూసి వచ్చాడు. మర్నాటి ఏడు ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ కీలింగ్ దీవులకి చేరారు. అక్కడ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ సీసం గుండు అడుగున పశువుల కొవ్వు పూసి, తాడుతో సముద్రంలోకి దించుతూ వెళ్లాడు. 10 బారల లోపు కొవ్వు మీద బతికున్న పగడాల అచ్చులు పడ్డాయి, ఇసుక అంటలేదు. లోతు పెరిగేకొద్దీ అచ్చులు తగ్గి ఇసుక పెరిగింది. చివరికి ఒట్టి ఇసుకే.

ఒక ముద్ద కొవ్వు, ఒక తాడు. దిబ్బలు కట్టే పగడాలు పైపొరలోనే బతుకుతాయని తేల్చడానికి ఆ రెండూ చాలాయి. 1842లో డార్విన్ పగడపు దిబ్బల మీద పుస్తకం వేసినప్పుడు ఇది అందులో ముఖ్యమైన ఆధారం. కానీ లోతుకి వెళ్తే ఎందుకు బతకవో అప్పటికి ఎవరికీ తెలియదు.

మన తీరం సంగతి ఇక్కడే అర్థమవుతుంది. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీళ్లూ బురదా కలిసిన చోట వెలుగు లోపలికి దిగదు, ఒండ్రు పగడాల మీద పేరుకుంటుంది. లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉన్నలాంటి పెద్ద పగడపు దిబ్బలు మన డెల్టాల ముందు లేకపోవడానికి అదో కారణం.

లోపల ఎవరో ఉన్నారు

1881లో కార్ల్ బ్రాంట్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఇలాంటి సముద్ర జీవుల శరీరంలో కనపడే పసుపు-గోధుమరంగు కణాలు వాటి సొంతం కావనీ, లోపల కాపురం ఉంటున్న శైవలాలనీ చెప్పి, వాటికి జూక్సాంథెల్లా అని పేరు పెట్టాడు. శైవలం అంటే నాచు జాతిదే, ఒంటికణం. ఎండ పడితే ఆకులాగే తిండి తయారుచేసుకుంటుంది. మరి ఆ తిండిలో ఇంటివాళ్లకి వాటా ఉందా?

దీన్ని తేల్చడానికి 1928-29లో బ్రిటిష్ బృందం ఒకటి ఆస్ట్రేలియా గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లోని లో ఐల్స్‌లో ఏడాది పైన ఉంది. నాయకుడు మారిస్ యంగ్. ఆయన భార్య మ్యాటీ ఆ బృందానికి డాక్టరు. షీనా మార్షల్, సిడ్నీ మాంటన్ లాంటి మహిళా శాస్త్రవేత్తలు కూడా అక్కడ పనిచేశారు. యంగ్ పగడాల్ని నెలల తరబడి చీకటి పెట్టెల్లో ఉంచాడు. లోపలి శైవలాలు పోయాయి గానీ, బయటి నుంచి తిండి దొరికినవి బతికాయి. అందుకని, పగడం మాంసాహారే, శైవలాలు దానికి తిండి పెట్టవు అని ఆయన తేల్చాడు. ఆ మాట చాలాఏళ్లు నిలబడింది.

దాన్ని మార్చింది రేడియోధార్మిక గుర్తులు. న్యూక్లియర్ మెడిసిన్‌లో పనిచేసిన అక్కలకి ఇది చెప్పక్కర్లేదు. గుర్తు వేసిన అణువు ఎక్కడికి పోతే అక్కడ దొరికిపోతుంది. 1958లో మస్కటీన్, హ్యాండ్ అనే ఇద్దరు కార్బన్-14తో, పగడానికి చుట్టమైన సీ అనిమోన్‌లో చూశారు. శైవలం వెలుగులో తయారుచేసిన పదార్థం ఇంటివాడి శరీరంలోకి చేరుతోంది! 1959లో జమైకాలో పనిచేస్తున్న థామస్ గొరో, నోరా గొరో దంపతులు రేడియోధార్మిక కాల్షియంతో ఇంకో సంగతి చూపించారు. వెలుగులో పగడం తన సున్నపు ఎముకని చీకట్లో కన్నా ఎన్నో రెట్లు వేగంగా కడుతుంది.

అంటే వెలుగు పగడానికి అందం కోసం కాదు, అన్నం కోసం. మన తొట్టి మీద పెట్టే లైటు అలంకరణ దీపం కాదు, వంటిల్లు.

జకార్తా ఎండ, ఆక్లాండ్ కిటికీ

శాస్త్రం ఇలా తేలుతుండగానే ఇళ్లలోనూ ప్రయత్నాలు మొదలయ్యాయి. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు నీళ్లు, జీవం ఉన్న రాళ్లు, కాసిని గాలి బుడగలు, కిటికీ ఎండ, వీటితోనే పగడాలు పెంచి 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో ఆ పద్ధతి రాశాడు. అది చదివి చలిదేశాల వాళ్లు చాలామంది ప్రయత్నించారు గానీ అందరికీ కుదరలేదు. ఒక కారణం స్పష్టమే. భూమధ్యరేఖ పక్కన ఏడాదంతా దాదాపు 12 గంటల పగలు. మనకి ఆక్లాండ్‌లో డిసెంబరులో 14 గంటల 40 నిమిషాల దాకా, జూన్‌లో 9 గంటల 40 నిమిషాలే. పైగా ఇక్కడ ఎండ ఉత్తరం కిటికీలోంచి వస్తుంది. వేసవిలో అదే ఎండ చిన్న తొట్టిని కుతకుతలాడిస్తుంది, శీతాకాలంలో ముఖం చాటేస్తుంది. కాబట్టి న్యూజిలాండ్ ఇంట్లో కిటికీని నమ్ముకోకండి. తొట్టిని నేరుగా ఎండ పడని గోడ పక్కన పెట్టి, దీపాన్నే సూర్యుణ్ని చేసుకోవాలి.

మనకి ఇంకా దగ్గర కథ న్యూ కాలెడోనియాది. ఆక్లాండ్ నుంచి విమానంలో సుమారు మూడు గంటలు. అక్కడి నూమియాలో రెనే కాతలా, ఆయన భార్య ఇడా 1956లో ఒక అక్వేరియం తెరిచారు. లోతు నుంచి తెచ్చిన పగడాల మీద అతినీలలోహిత దీపం వేస్తే అవి ఆకుపచ్చగా, నారింజగా వెలిగిపోవడం చూపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ఈరోజు షాపుల్లో నీలి లైటు కింద పగడాలు మెరిసేది కూడా ఆ గుణం వల్లే. ఒక్క మాట గుర్తుంచుకోండి. మెరుస్తోందంటే దానికి కడుపు నిండుతోందని కాదు. ఆ మెరుపు మన కంటికి, తిండి లెక్క వేరు.

1980ల నుంచి ఐరోపాలో, అమెరికాలో మెటల్ హాలైడ్ దీపాలు వాడారు. వెలుగు బ్రహ్మాండం, వేడి కూడా అంతే. నీళ్లు చల్లబరచడానికి ఇంకో యంత్రం పెట్టాల్సి వచ్చేది. చిన్న తొట్టికి అది కుదిరే పని కాదు. తర్వాత సన్న ట్యూబులు వచ్చాయి. అసలు మార్పు జపాన్ నుంచి వచ్చింది. 1993లో షుజి నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్.ఈ.డీ. చేసి చూపించాడు. అకసాకి, అమనోలతో కలిపి ఆయనకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ నీలి దీపం లేకపోతే 60 లీటర్ల తొట్టిలో పగడాలు పెంచడం మనబోటివాళ్లకి సాధ్యమయ్యేది కాదు.

నీలమే ఎందుకు? సముద్రపు నీరు ఎరుపుని మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తుంది. లోపలికి దిగేది ఎక్కువగా నీలం. పగడంలోని శైవలాలు తరతరాలుగా ఆ నీలంతోనే వంట చేసుకుంటున్నాయి.

నర్సులకి తెలిసిన నీలి దీపం

నీలి దీపం అనగానే ప్రసూతి వార్డుల్లో పనిచేసిన మనకి గుర్తొచ్చేది పసికందుల కామెర్లు. 1956లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో, రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల్ని చూసుకునే సిస్టర్ వార్డ్, మంచి ఎండ ఉన్న రోజుల్లో పిల్లల్ని ఆవరణలోకి తీసుకెళ్లేవారు. ఒకరోజు డాక్టర్లకి ఒక బిడ్డని చూపించారు. ఒళ్లంతా పసుపు తగ్గి, దుప్పటి మూల కప్పిన చోట మాత్రం పచ్చగా మిగిలింది. అక్కణ్నుంచి పరిశోధన మొదలై, 1958లో క్రీమర్ బృందం లాన్సెట్‌లో కాంతి చికిత్స గురించి ప్రచురించింది. ఒక నర్సు కన్ను కనిపెట్టిన సంగతి అది.

ఫోటోథెరపీలో మనం ఏం చేస్తాం? దీపం కంటికి ఎంత జిగేల్‌మంటోందో చూడం. మీటరు తీసి బిడ్డ చర్మం దగ్గర పెట్టి, నీలి తరంగాల్లో ఎంత శక్తి అందుతోందో కొలుస్తాం. దీపాన్ని పైకి జరిపితే అంకె పడిపోతుంది. డబ్బా మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా బిడ్డకి అందిందే లెక్క.

పగడానికీ అక్షరాలా ఇదే సూత్రం. మన కన్ను ఆకుపచ్చ-పసుపుని ఎక్కువగా, నీలాన్ని తక్కువగా చూస్తుంది. ల్యూమెన్, లక్స్ అన్నవి మన కంటిని బట్టి కట్టిన కొలతలు. గది దీపానికి అవి చాలు, పగడానికి చాలవు. మనకి మసగ్గా కనపడే నీలి దీపం పగడాన్ని కాల్చేయగలదు, తెల్లగా జిగేల్‌మనే దీపం పస్తు పెట్టగలదు.

సరైన కొలత పేరు పార్. కిరణజన్య సంయోగక్రియకి పనికొచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల వెలుగు, ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్‌ల కాంతికణాలుగా పడుతోందో చెప్పే అంకె అది. 1972లో కీత్ మెక్రీ పంట మొక్కల ఆకుల మీద చేసిన పనితో ఈ కొలత స్థిరపడింది. పొలం కోసం పుట్టిన కొలత పగడం దగ్గరికి వచ్చిందన్నమాట.

ఇక షాపుకి పదండి

ఉష్ణదేశాల్లో మిట్టమధ్యాహ్నం నీటిపైన పార్ సుమారు 2000 ఉంటుంది. మన తొట్టికి అంత అక్కర్లేదు. పెంచేవాళ్లు సాధారణంగా వాడే లెక్క ఇది: మష్రూమ్ పగడాలు, జోయాంథిడ్లు, ఇతర మెత్తటి పగడాలకి 50 నుంచి 100. హామర్, టార్చ్ లాంటి పెద్ద పాలిప్‌ల రాతి పగడాలకి 100 నుంచి 150 చుట్టూ. ఆక్రోపోరా లాంటి కొమ్మల పగడాలకి 200 నుంచి 300, కొన్నిటికి ఇంకా పైన. అంకెలు పగడం దగ్గర కొలిచినవి కావాలి, దీపం దగ్గర కాదు.

అందుకని ముందు లైటు కాదు, ఏ పగడాలు పెంచుతారో తేల్చుకోండి. కొత్తవాళ్లయితే మెత్తటి పగడాలతో మొదలుపెట్టండి. వాటికి పెద్ద ఖరీదు లైటు అవసరం లేదు. కొమ్మల పగడాలకి సరిపోయే లైటు కొనేసి మష్రూమ్ పగడాల మీద పూర్తి జోరులో వేస్తే అవి ముడుచుకుపోతాయి.

అమ్మేవాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. మొదటిది, ఈ లైటుని ఎంత ఎత్తున పెడితే, ఎంత లోతున పార్ ఎంత? మంచి కంపెనీలు పటం ఇస్తాయి. అందులో మధ్యలో అంకె ఒక్కటే కాదు, మూలల్లో ఎంతో కూడా చూడండి. 60 సెంటీమీటర్ల తొట్టికి ఒకే చోట గుచ్చినట్టు పడే లైటు కన్నా పరుచుకుని పడేది మేలు. రెండోది, జోరు తగ్గించుకునే వీలుందా? మూడోది, మీ దగ్గర ఈ పగడం ఇప్పుడు ఎంత వెలుగులో ఉంది? ఆ జవాబు మీ ఇంట్లో మొదటి రోజుకి అవసరం.

వీలైతే పార్ మీటరు ఒకరోజుకి అరువో అద్దెకో దొరుకుతుందేమో షాపులో, పెంచేవాళ్ల గ్రూపుల్లో అడగండి. రాళ్ల పైన, మధ్యలో, ఇసుక మీద, మూలల్లో కొలిచి కాగితం మీద రాసుకుంటే చాలు. ఫోను యాప్‌లు నీలి వెలుగుని సరిగా చదవవు.

ఇంటికి తెచ్చాక మందు డోసులాగే ఆలోచించండి. రోజుకి 8 నుంచి 10 గంటలు, టైమరు పెట్టి, రోజూ ఒకే వేళకి. రాత్రి చీకటి ఉండాలి. కొత్త పగడాన్ని ముందు కింద, తక్కువ జోరులో పెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. గోధుమరంగు తిరుగుతూ, వెలుగు కోసం మెడ చాచినట్టు సాగుతుంటే వెలుగు చాలట్లేదేమో చూడండి. పాలిపోయి తెల్లబడుతుంటే వెలుగు ఎక్కువై ఉండొచ్చు, నీళ్లు వేడెక్కి ఉండొచ్చు. తెల్లబడటం అంటే లోపలి శైవలాలు ఇల్లు ఖాళీ చేస్తున్నాయని. అది చావు కాదు, హెచ్చరిక. వెంటనే చూసుకుంటే కోలుకునే అవకాశం ఉంది. ఒకేసారి లైటూ నీళ్లూ చోటూ అన్నీ మార్చేయకండి. ఒక్కటి మార్చి, కొన్నాళ్లు ఆగి చూడండి.

రెండు ఇంటి జాగ్రత్తలు. లైటు అద్దం మీద ఉప్పు పేరుకుంటే వెలుగు తగ్గిపోతుంది, తరచూ స్విచ్చి ఆపి తడిగుడ్డతో తుడవండి. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా పెట్టండి. అప్పుడు వైరు వెంట జారే నీటిచుక్క ప్లగ్గులోకి పోదు, నేల మీద పడుతుంది.

ఈ దేశం నియమాలు కూడా ఒక మాట. నల్ల పగడాలకి, ఇక్కడి రాతి పగడాలకి వైల్డ్‌లైఫ్ యాక్ట్ 1953 కింద రక్షణ ఉంది. సముద్రంలోంచి తెచ్చుకోకూడదు. ఫిజీ సెలవుల నుంచి వచ్చేటప్పుడు ఒడ్డున దొరికిన పగడం ముక్క సంచిలో వేసుకోకండి, రాతి పగడాల రవాణా మీద అంతర్జాతీయ ఒప్పందం ఉంది, పర్మిట్ అడుగుతారు. తొట్టిలోని జీవుల్నీ, నాచునీ, నీళ్లనీ వాననీటి కాలవలోనో సముద్రంలోనో పారబోయకండి. 2021లో గ్రేట్ బ్యారియర్ ఐలాండ్ దగ్గర కనపడ్డ కాలెర్పా నాచు అక్కడి సముద్రపు అడుగుని ఎలా కప్పేస్తోందో వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అది ఎలా వచ్చిందన్నది అటుంచితే, బయటి జీవి ఒకసారి పాతుకుంటే వదిలించుకోవడం ఎంత కష్టమో అది చూపిస్తోంది.

కొవ్వు పూసిన సీసం గుండు దగ్గర్నుంచి పార్ మీటరు దాకా, కథంతా ఒక్కటే చెప్తోంది. పగడం దగ్గరికి వెళ్లి, దానికి ఏం అందుతోందో చూడాలి. దీపం డబ్బా మీద రాతలు, మన కంటికి కనపడే మెరుపు, పక్కింటివాళ్ల సలహా, ఇవన్నీ ఆ తర్వాతే. మీ ఇంట్లో తొట్టి ఉంటే ఈ వారాంతం పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఏ పగడం ఎక్కడుందో, పైన లైటు ఎంత ఎత్తులో ఎన్ని గంటలు వెలుగుతోందో ఒక కాగితం మీద గీయించండి. లైటు కొనడానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.